కిటికీ పక్క కేబిన్‌లో గొణుగుడు

కరోనా తగ్గి జనం మూతికి కట్టుకున్న గుడ్డలు తీసేసిన ఏడాది అది. ఏళ్ల తరబడి రాని సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. అశోక్‌నగర్‌లో మా సందు దాటాలంటే భుజం భుజం తగలకుండా దాటలేని పరిస్థితి. హాస్టళ్లు నిండాయి, మెస్సులు నిండాయి. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరక్క పిల్లలు చెట్ల కింద, మెట్ల మీద, ఆఖరికి పార్కింగులో బండి సీట్ల మీద కూర్చుని చదివేవాళ్లు. అప్పటికే మా ఇంటి కింది అంతస్తులో నేను రీడింగ్ హాల్ నడుపుతూ చాలా ఏళ్లయింది.

రీడింగ్ హాల్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. ఇక్కడ మేం పాఠాలు చెప్పం, పుస్తకాలు అమ్మం. మేం అమ్మేది నిశ్శబ్దం. మూడు వైపులా ప్లైవుడ్ చెక్క కొట్టి, ఒక ట్యూబ్‌లైటు, ఒక ప్లగ్గు, ఒక కుర్చీ ఇస్తే దాన్ని కేబిన్ అంటారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక స్లాట్, అక్కడి నుంచి రాత్రి దాకా ఇంకో స్లాట్. గేటు మీద బోర్డులో 'పిన్‌డ్రాప్ సైలెన్స్' అని రాయకపోతే ఈ పేటలో ఒక్కరూ లోపలికి రారు. మా హాల్లో చిప్స్ ప్యాకెట్లు నిషేధం, టిక్కుటిక్కుమనే పెన్నులు నిషేధం. జలుబు చేసినవాడు తగ్గేదాకా వరండాలో కూర్చోవాలి. పిల్లలు ఊళ్లలో ఇల్లూవాకిలీ వదిలి ఈ చదువుల కోసం వచ్చారు కదా, చిన్న చప్పుడైనా వాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది.

ఆ నిశ్శబ్దాన్ని కాపాడేది నా గొంతు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఎవరైనా గుసగుసలాడితే మేడ మెట్ల మీద నిలబడి "సైలెన్స్!" అని ఒక్క అరుపు అరుస్తాను. మావాళ్లు ఏలూరు వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. అంతమంది ఉన్న ఇంట్లో అరిస్తేగానీ అన్నం దొరికేది కాదు, అలా పెరిగిన గొంతు ఇది. మావారు బతికున్నన్నాళ్లూ "నువ్వు ఇక్కడ పిలిస్తే నారాయణగూడ ఫ్లైఓవర్ మీద బస్సు ఆగుతుంది, కాస్త తగ్గించవే" అని బతిమాలేవారు. ఆయన పోయారు, గొంతు మాత్రం తగ్గలేదు.

ఆ ఏడాది వానాకాలంలో స్వరూప వచ్చింది. పాలకుర్తి దగ్గర పల్లె. ముప్ఫై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి, మెడలో నల్లపూసలు. కిటికీ పక్క కేబిన్ ఖాళీగా ఉంటే ఇచ్చాను. వారం తిరక్కుండానే ఆ వరస పిల్లలు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "ఆంటీ, ఆ అక్క గొణుగుతున్నది." "ఆంటీ, తేనెటీగ తిరుగుతున్నట్టున్నది ఆంటీ, తలకాయ నొస్తున్నది."

సరే చూద్దామని చెప్పులు విడిచి, ఆమె వెనకాల వెళ్లి నిలబడ్డాను. ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా, పెదాల మధ్య నుంచి సన్నగా వదులుతోంది.

"ఫంబుల్ తడబడు, హంబుల్ వినయం, జంబుల్ కలగాపులగం, మంబుల్ గొణుగు, రంబుల్ ఉరుము, టంబుల్ దొర్లిపడు. ఫంబుల్ తడబడు, హంబుల్ వినయం..."

భుజం తట్టాను. ఉలిక్కిపడింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"చదువుకుంటున్న ఆంటీ."

"నోటితోనా?"

"మరి దేనితోని చదువుతరు ఆంటీ?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

కళ్లతో చదవమని చెప్పి వచ్చాను. సరేనంది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు మళ్లీ తేనెటీగ తిరిగింది. ఈసారి "బ్రైట్ వెలుగు, ఫ్రైట్ భయం, ప్లైట్ దురవస్థ, స్లైట్ కొంచెం." ఆమె పద్ధతి అదన్నమాట. అన్నీ ఆరక్షరాల ఇంగ్లిష్ మాటలే. చివరి అక్షరాలు కలిసినవాటిని ఒక్కచోట చేర్చి, పక్కన తెలుగు అర్థం పెట్టి, దండ గుచ్చినట్టు గుచ్చుకుంది. "ఆరుకు మించితే నా నోట్లె పట్టయి ఆంటీ. ఒక్క తీరుగున్నయి ఒక్క కాడ పెట్టుకుంటే రాగం కుదురుతది" అని తర్వాత చెప్పింది.

రాగం ఆమెకు కుదిరింది గానీ హాల్లో మిగతావాళ్లకు ప్రాణం విసిగిపోయింది. వాళ్ల తరఫున శ్రీధర్ వచ్చాడు. కల్వకుర్తి వైపు కుర్రాడు, మా హాల్లో అందరికన్నా పాత కాపు. ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాడు. మాట తక్కువ, తిండి తక్కువ, నిద్ర తక్కువ. అతను నోరు తెరిచాడంటే విషయం ముదిరిందన్నమాటే.

"ఆంటీ, మీరు బోర్డు మీద ఏం రాసిన్రు? పిన్‌డ్రాప్ సైలెన్స్ అని రాసిన్రు. గిదేనా సైలెన్స్? మా బతుకులు కూడ ఈ పరీక్ష మీదనే ఉన్నయి. అక్కనన్న పంపియ్యుండ్రి, లేకుంటే మేము ఇంకో హాల్ చూసుకుంటం."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. ఈ వ్యాపారంలో ఒక వరస లేచిపోతే రెండో వరస కూడా దాని వెంటే పోతుంది. సరే, మర్యాదగా చెప్పి పంపేద్దామని స్వరూపను పైన మా ఇంట్లోకి పిలిచాను. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. "చూడమ్మా, ఇది నీకు కుదిరే చోటు కాదు" అని నేను మొదలుపెట్టానో లేదో, ఆమెకు అర్థమైపోయింది.

"ఇంతకు ముందు రెండు హాళ్లకెళ్లి కూడ పంపిచ్చిన్రు ఆంటీ. నాకు తెలుసు. మీ తప్పేం లేదు" అని సంచి భుజానికి తగిలించుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది. "పోయినసారి గూడ గిట్లనే అయింది ఆంటీ, ఎగ్జామ్ హాల్ల."

"ఏమైంది?"

"క్వశ్చన్ సదువుకుంట పెదిమెలు కదిలిస్తున్ననని సార్ వచ్చి బెంచి మీద కొట్టిండు. 'ఇంకోపారి సప్పుడైతే పేపర్ గుంజుకుంట' అన్నడు. భయానికి నోరు మూసుకున్న. నోరు మూసుకున్నంక ఒక్క మాట యాదికి రాలే. నెలల కొద్దీ సదివిన మాటలు ఆంటీ, యాడికి పోయినయో పోయినయి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వీళ్లు రాసే పెద్ద పరీక్షలో ఇంగ్లిష్ పేపర్‌ను క్వాలిఫయింగ్ అంటారు. దాంట్లో వచ్చిన మార్కులు ర్యాంకులో కలపరు. కానీ అందులో తప్పితే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. స్వరూప చరిత్ర బాగా రాసింది, ఎకానమీ బాగా రాసింది, అవేవీ పనికి రాలేదు. నాలుగేళ్ల కూతుర్ని ఆడబిడ్డ దగ్గర వదిలి, "ఈ ఒక్కపారే, ఇది గాకుంటే మళ్ల పుస్తకం ముట్ట" అని ఇంట్లో మాటిచ్చి మళ్లీ వచ్చింది. ఆమె వెనక్కి వెళ్లిపోతే ఇంక అంతే, చదువన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినిపించదు.

నేనేం మెత్తని మనిషిని కాను. కానీ ఆ గుమ్మం దగ్గర ఆమె సంచి సర్దుకుంటూ నిలబడిన తీరు చూశాక పంపలేకపోయాను. "సంచి అక్కడ పెట్టు. రేపట్నుంచి ఈ వంటింట్లో చదువుకో. ఇక్కడ నా నోరు ఎలాగూ ఖాళీగా ఉండదు, నీది ఇంకొకటి" అన్నాను.

అలా మొదలైంది. పొద్దున నేను కూరలు తరుగుతుంటే ఆమె ఫ్రిజ్‌కూ కిటికీకీ మధ్య పచార్లు చేస్తూ గొంతెత్తి చదివేది. గ్రైండర్ తిరుగుతుంటే "రంబుల్ అంటే గిదే ఆంటీ!" అని నవ్వేది. "బ్యాటర్ రుబ్బిన పిండి, మ్యాటర్ విషయం, ల్యాటర్ తరువాతిది, ప్యాటర్ చినుకుల చప్పుడు" అని ఆమె అంటుంటే దోసెల పిండిలో గరిట తిప్పుతూ నేనూ అందుకునేదాన్ని. డిగ్రీ చదివిన మనిషినే గానీ, ప్యాటర్ అంటే అదని నాకు అప్పటిదాకా తెలియదు. నా వంటింట్లో ఆమె ఒక్క మాట తప్పేది కాదు. వంకాయ కూర మాడింది గానీ హంబుల్ మాత్రం మరిచిపోలేదు.

ఆదివారం హాల్లో మాక్ టెస్ట్ పెట్టేవాళ్లం, అంటే అసలు పరీక్షలాగే గంట కొట్టి రాయించే ఉత్తుత్తి పరీక్ష. అక్కడ కూర్చోగానే స్వరూప పెదాలు బిగించేది. పేపర్ మీద సగం ఖాళీ. పైన అంత ధాటిగా చెప్పిన మనిషి కింద మూగదైపోయేది. శ్రీధర్ ఆ పేపర్లు దిద్దుతూ నాతో అన్నాడు. "ఆంటీ, మీరు మంచి చేస్తున్నరు గానీ, ఎగ్జామ్ హాల్లకు మీ వంటిల్లు తీసుకపోతదా అక్క?"

నాకు ఒళ్లు మండింది. అతను చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండింది.

ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతుంటే అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అమ్మ శ్లోకం నేర్పితే ముందు గొంతెత్తి చెప్పించేది. నోటికి వచ్చాక పెదాలు మాత్రమే కదపమనేది, చప్పుడు రాకూడదు. ఆ తర్వాత పెదాలు కూడా కదలకుండా మనసులో చెప్పుకోమనేది. జపానికి ఈ మూడు మెట్లూ ఉన్నాయని, మొదటిది ఎక్కకుండా మూడోదాని మీద కాలు పెడితే జారిపడతావని అమ్మ అనేది. నేనేమో ఇన్నేళ్లుగా బోర్డు కట్టి మూడో మెట్టు ఒక్కటే అద్దెకిస్తున్నాను! మొదటి రెండూ ఎక్కడ ఎక్కి వచ్చారని ఏ ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. ఊళ్ల బడుల్లో పిల్లలందరిచేతా గొంతు కలిపి చదివిస్తారు, పట్నం వచ్చీ రాగానే నోరు మూసుకుని చదవమంటాం.

మర్నాడు స్వరూపకు చెప్పాను. పదిహేను రోజులు గొంతెత్తి చదివింది చాలు. ఇక పెదాలు మాత్రమే. అది కష్టం మీద కుదిరింది. తర్వాత పెదాలు కూడా కదపొద్దన్నాను. నోటినిండా నీళ్లు పోసుకుని చదవమన్నాను, అప్పుడు పెదాలు కదపాలన్నా కదలవు కదా. తొలిరోజు "మంబుల్" చూడగానే నవ్వొచ్చి నీళ్లన్నీ నా చీర మీద ఊదింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. కానీ మళ్లీ నీళ్లు పోసుకుని చూశాక, వాటిని మింగేసి, మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది.

"లోపట ఎవ్వలు మాట్లాడుతలేరు ఆంటీ. మీరందరు మనసుల సదువుకుంటం అంటరు గద, నాకు నోరు మూసుకుంటే లోపట గూడ సప్పుడు బందైతది."

స్టవ్ తగ్గించి, "సరే, లోపల నీ గొంతు రాకపోతే బయట నా గొంతు పెట్టుకో" అన్నాను. అప్పట్నుంచి అదే పద్ధతి. ఆమె నోటినిండా నీళ్లతో పీట మీద కూర్చుంటుంది. నేను పొయ్యి దగ్గర నుంచి అరుస్తాను. "స్వరూపా! హిండర్! ఒకటి, దాచిపెట్టు. రెండు, అడ్డుపడు. మూడు, వెతుకు." ఆమె రెండు వేళ్లు చూపిస్తుంది. "స్వరూపా! పాండర్!" వేళ్లు. "స్వరూపా! టంబుల్!" వేళ్లు. నీళ్లు మింగడానికి వీల్లేదు, పెదాలు తెరవడానికి వీల్లేదు. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, పోపు చిటపటలు కూడా దాని ముందు నిలవవు.

ఒకరోజు అదే ఊపులో "హిండర్!" అని అరుస్తున్నాను, గుమ్మంలో శ్రీధర్ నిలబడి ఉన్నాడు. స్వరూప అతన్ని చూసి ఇంకా గట్టిగా రెండు వేళ్లు చూపించింది. నాకు నవ్వాగలేదు.

"ఇప్పుడు నా గొంతు వినిపిస్తోందని వచ్చావా బాబూ?" అన్నాను.

"వినొస్తున్నది ఆంటీ, కింద అందరికి వినొస్తున్నది. కానీ అందుకు రాలే. మొన్న బయట టెస్ట్ రాసిన. జంబుల్ అని వచ్చింది. ఆ మాట నేను ఎన్నడు సదవలే. కానీ కలగాపులగం అని పెట్టొచ్చిన, కరెక్టయింది. ఎట్లయిందో తర్వాత సమజైంది. అక్క కిటికీ పక్కన గొణిగినన్ని దినాలు నేను తిట్టుకుంట కూసున్న గద, అవన్ని చెవులకెళ్లి లోపటికి పొయ్యి కూసున్నయి. అక్క గొంతులనే వినొచ్చింది ఆంటీ."

"అయితే తిట్టడానికి వచ్చావా, దండం పెట్టడానికి వచ్చావా?"

"రెండిటికి గాదు. నేను గూడ జర గట్టిగ సదువుకోవాలె. ఇన్నేండ్ల సంది నోరు తెరిచి సదవలే. ఇంటర్వ్యూల గూడ నోరు పెగలలే" అన్నాడు.

వంటింట్లో ముగ్గురం పట్టలేదు. డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో రెండు కుర్చీలు వేశాను. అక్కడ అతను గొంతెత్తి చదివేవాడు, ఆమె నోరు మూసుకుని వినేది. ఆదివారం మాక్ టెస్టుకు అతనే ఎగ్జామ్ హాల్ సారు అవతారం ఎత్తి, ఆమె పక్కన నిలబడి కావాలని బెంచి మీద కొట్టేవాడు. మొదటిసారి ఆమె పెన్ను జారవిడిచింది. రెండోసారి ఆగింది గానీ మళ్లీ రాసింది. ఆ తర్వాత ఒకసారి తలెత్తి అతని మొహంలోకి చూసి, మళ్లీ తల దించుకుని రాసుకుపోయింది. ఆ పూట ఇద్దరికీ పెసరట్లు వేసి పెట్టాను.

పరీక్షల పేపర్లన్నీ అయిపోయిన సాయంత్రం స్వరూప మా ఇంటికి వచ్చింది. "ఇంగ్లిష్ ఎలా రాశావే?" అంటే "రాసిన ఆంటీ" అని ఒక్క మాటే అంది. బిడ్డను చూడక నెలలైందని బస్సు కోసం పరుగెత్తింది. ఆ తర్వాత ఫలితాల కోసం ఎదురుచూపు. నాకేమో నోటిఫికేషన్లూ ఫలితాలూ కొత్త కాదు, ఇన్నేళ్లలో చాలా చూశాను. కానీ ఆసారి మాత్రం పొద్దున న్యూస్‌పేపర్ రాగానే స్టవ్ ఆపేసి ఫలితాల కోసం వెతికేదాన్ని. నా సొంత పిల్లల ఫలితాలప్పుడు కూడా అంత హడలిపోలేదు.

చివరికి స్వరూప ఇంగ్లిష్ గట్టెక్కింది. దాంతో మిగతా పేపర్లూ దిద్దారు. ఆమె కోరుకున్న పెద్ద పోస్టు రాలేదు గానీ, దాని కింది పోస్టు వచ్చింది. శ్రీధర్‌కు ఆ దఫా మళ్లీ రాలేదు. అతను ఇప్పటికీ మా హాల్లోనే ఉన్నాడు. పొద్దున ఒక గంట డాబా మీద అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూ జవాబులు గట్టిగా చెప్పుకుంటాడు, ఆ తర్వాతే కింద కేబిన్‌లోకి వస్తాడు.

గేటు మీద పిన్‌డ్రాప్ సైలెన్స్ బోర్డు అలాగే ఉంది. కానీ కొత్తగా ఎవరైనా చేరడానికి వస్తే ఇప్పుడు ముందు డాబా చూపిస్తాను. అక్కడ ఎంతైనా అరవొచ్చు. వరండాలో పెదాలు కదపొచ్చు. నోరు మూసుకుని చదవగలను అనుకున్న రోజు హాల్లోకి రావాలి. పిచ్చి ముసల్దని అనుకుంటారు కొందరు. అనుకోనీ. ఇన్నేళ్లు నిశ్శబ్దం అమ్మాను కాబట్టి చెబుతున్నాను, అది ఇంకొకరు ఇచ్చేది కాదు. బాగా అరిచి అరిచి అలిసిపోయాక మనిషి లోపల దానంతట అది కుదురుకోవాలి.

ఉద్యోగంలో చేరే ముందు స్వరూప కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్ల నా వంటింట్లో డబ్బాలు దొర్లిస్తుంటే, టీ తాగుతూ అప్పుడు చెప్పింది.

"ఇంగ్లిష్ పరీక్ష దినం గూడ సార్ వచ్చి నా పక్కనే నిలబడ్డడు ఆంటీ. ఊకెనే నిలబడ్డడు, ఏమనలే. కానీ నాకు పాతది యాదికొచ్చింది. నోరు మూసుకున్న. లోపట అంత సప్పుడు బందైంది. ఇగ అయిపోయింది, బిడ్డ దగ్గరికి పోవుడే అనుకున్న. గప్పుడు మీరు ఒర్రిన్రు."

"నేను అరిచానా? నేనెక్కడున్నానే అక్కడ?"

"లోపట ఆంటీ. 'స్వరూపా! ఒకటి, రెండు, మూడు' అని. ఎంత గట్టిగ ఒర్రిన్రంటే, పక్కనున్న సార్‌కు ఎందుకు వినొస్తలేదా అని ఒక్కపారి ఆయన దిక్కు చూసిన. ఆయనకు ఏం వినొస్తలే. ఇగ ధైర్యమొచ్చింది. అయిపోయేదాంక మీరు ఒర్రుకుంటనే ఉన్నరు, నేను రాసుకుంటనే ఉన్న."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తగ్గించవే తగ్గించవే అని జీవితమంతా నన్ను బతిమాలిన మనిషి ఆ పూట బతికుండి, పక్క గదిలో కూర్చుని ఈ మాట వినుంటే బాగుండేదనిపించింది.

కింద హాల్లో ఎవరో కుర్చీ బర్రున లాగారు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుని, మెట్ల దగ్గరికి వెళ్లి, ఫ్లైఓవర్ మీద బస్సు ఆగేంత గట్టిగా "సైలెన్స్!" అని అరిచాను.